కాలని మచ్చ

పుట్టుమచ్చలు చూపించుకోవడానికి మా వాళ్లకు మొహమాటం లేదు. ఇక్కడ ఫిజీలో, సువాలోనో లౌతోకాలోనో మన తెలుగు సంఘం వాళ్ల భోజనాలకు వెళ్తే, నా విస్తట్లో పప్పు పడకముందే ఎవరో ఒకావిడ గడ్డం పైకెత్తి పట్టుకుని పక్కన చేరుతుంది. "డాక్టరమ్మా, ఈ మచ్చ చూడు, పెరిగినట్టు లేదూ?" అంటుంది. పెరిగి ఉండదు. గడ్డం మీదివి, ముక్కు పక్కనివి, పెదవి పైవి, లక్ష్మీకళ అని పెళ్లిచూపుల్లో చెప్పుకున్న మచ్చలన్నీ నా ముందుకు వస్తాయి. ఇన్నేళ్లలో ఒక్కరు కూడా తమంతట తాము అరికాలు తిప్పి చూపించలేదు. పెద్దవాళ్లు కాలు చూపించడం మర్యాద కాదట. ఆ మర్యాద మీద నాకు కోపం. ఎంత కోపమంటే, మామ పోయి ఇన్నేళ్లయినా అది చల్లారలేదు.

నేను మొదటినుంచీ చర్మం డాక్టర్ని కాను. ఆసుపత్రిలో దగ్గులు, జ్వరాలు, చక్కెర జబ్బులు చూసేదాన్ని. సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టిన కూ తర్వాత నా తోటి డాక్టర్లు ఒక్కొక్కరే నమాకా మీదుగా విమానాశ్రయం దారి పట్టారు. చర్మం చూసే ఆయన కూడా ఆ దారినే వెళ్లాడు. ఆయన గది ఖాళీగా ఉంది కాబట్టి నన్ను అందులో కూర్చోబెట్టారు. తర్వాత విదేశం నుంచి ఒక నిపుణుడు వచ్చి వారం రోజులు పాఠం చెప్పి, వెళ్తూ వెళ్తూ ఒక చేతి పరికరం నాకు వదిలి వెళ్లాడు. దాన్ని డెర్మోస్కోప్ అంటారు. చూడటానికి చిన్న టార్చి లైటులా ఉంటుంది. ముందు ఒక భూతద్దం, దాని చుట్టూ దీపాలు. చర్మం మీద ఒక చుక్క జెల్ వేసి అద్దం ఆనిస్తే పైతోలు మెరుపు పోయి లోపలి రంగు పదింతలై కనిపిస్తుంది. జెల్ అయిపోయాక నేను కొబ్బరినూనె వాడాను. రోగులు దాన్ని బత్తీ అద్దం అనేవారు.

మామూలు మచ్చ ఆ అద్దం కింద బుద్ధిగా ఉంటుంది. వల అల్లినట్టు ఒకే తీరులో గీతలు, అంచుల దగ్గర నెమ్మదిగా పలచబడతాయి. మెలనోమా అనే క్యాన్సర్ మచ్చకు ఆ బుద్ధి ఉండదు. ఒక పక్క వల, ఒక పక్క మరక, మధ్యలో ఎక్కడో నీలి పొర. రెండింటికీ తేడా కంటికి అందదు, అద్దానికి అందుతుంది. ఇదంతా చెప్పి ఆ నిపుణుడు నవ్వుతూ, మీ జనానికి ఇది అంతగా రాదు, మీ రంగే మీకు గొడుగు, అన్నాడు. మేమంతా కూడా నవ్వాం. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది. ఆయన తెచ్చిన పుస్తకం నిండా తెల్ల తోళ్లే. మా రంగు మనుషుల సంగతి చివర్లో ఒక్క పేజీలో ఉంది. ఆ పేజీలో రెండు అరికాళ్ల బొమ్మలున్నాయి. నల్లటి వాళ్లకు ఈ జబ్బు వస్తే ఎండ తగిలే చోట కాదు, అరికాలిలోనో అరచేతిలోనో గోటి కిందో వస్తుందని రెండు వాక్యాలు రాశారు.

అరికాలి చర్మం దున్నిన చేను లాంటిది. చాళ్లు, గట్లు, చాళ్లు, గట్లు. గట్ల నడినెత్తిన చెమట రంధ్రాలు తెల్లని చుక్కల్లా వరుసగా ఉంటాయి. నలుపు చాళ్లలో పారితే అది మంచి మచ్చ. గట్లు ఎక్కిందంటే చెడ్డది. అనుమానం ఉంటే సిరా పూసి తుడిచెయ్యాలి. సిరా చాళ్లలోనే నిలుస్తుంది కాబట్టి, మచ్చ నలుపు సిరా గీతల మీద ఉందా, గీతల మధ్య ఉందా అన్నది తేలిపోతుంది. నా పక్కన కూర్చున్నవాళ్లు బొమ్మను ఎటు తిప్పి చూడాలో తెలియక తికమకపడ్డారు. నాకు ఒక్క చూపులో అర్థమైంది. నేను చెరకు చేలో పెరిగినదాన్ని. నీళ్లు చాలులో ఉండాలి, గట్టెక్కితే పైరు పోయినట్టే అని చిన్నప్పుడు చేలో నా చెయ్యి పట్టుకుని చెప్పింది మామే.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. తవువా దగ్గర చెరకు రైతు. మా నాన్న పోయాక అమ్మనూ నన్నూ తన ఇంట్లో పెట్టుకుని, చెరకు లారీ ముందు సీట్లో కూర్చోబెట్టి నన్ను బడికి పంపిన మనిషి. ఆయనకు ఇద్దరు దేవుళ్లు. ఒకటి ఆ చేను, రెండోది మారెమ్మ. ఏటా అమ్మ గుడిలో నిప్పుల గుండం తొక్కేవాళ్ల ముందు ఆయనే నడిచేవాడు. కంకణం కట్టుకున్న రోజునుంచి పది రోజులు గుడిలోనే చాప మీద పడక, ఒంటిపూట భోజనం, మత్తునిచ్చే యంగోనా గిన్నె ముట్టడం లేదు, ఇంటి మొహం చూడటం లేదు. పదో రోజున పసుపు బట్టలతో నిప్పుల మీద నడిచి, చివర పాలగుంటలో కాళ్లు పెట్టేవాళ్లు. మామకు కోపం వస్తే ఫిజీ హిందీ, భక్తి వస్తే తెలుగు. ఆ పది రోజులూ ఆయన నోట తెలుగే.

నియమం ఒకటే. దీక్ష సరిగా పట్టినవాడి కాలు కాలదు. కాలిందంటే ఎక్కడో చెడింది. అది తాతల మాట అనేవారు కానీ మా ఊళ్లో దాన్ని గట్టిగా అమలుచేసింది మామ. నాకు పదేళ్లప్పుడు ఒకాయనకు మడమ బొబ్బలెక్కింది. మామ అతన్ని ఏమీ అడగలేదు. జనంలో ఉన్న అతని పెళ్లాన్ని పిలిచి, అందరి ముందూ అడిగాడు.

"ఇంట్లో ఏం జరిగింది, నువ్వు చెప్పు. అమ్మ ఊరికే కాల్చదు."

ఆవిడ పైట నోట్లో కుక్కుకుని నిలబడింది. ఏమీ జరగలేదని ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. మరుసటి ఏడు వాళ్లు ఇల్లు ఖాళీ చేసి లోవు అనే ఊరికి వెళ్లిపోయారు. నాకు మామ మీద అప్పుడు కోపం రాలేదు. ఎంత నిష్ఠ గల మనిషో అనుకున్నాను. పదేళ్ల పిల్లకు అంతకంటే ఏం తెలుస్తుంది అని ఎవరైనా నన్ను ఓదార్చబోతే, వాళ్ల మీద కూడా విసుగొస్తుంది. ముప్ఫై అయిదేళ్లకు కూడా నేను అలాగే అనుకున్నాను.

డాక్టర్నయ్యాక ఏటా గుండం పక్కన మందుల పెట్టె పెట్టుకుని కూర్చోవడం నా వంతైంది. రెండు మూడు నెలలకోసారి బస్సెక్కి తవువా వెళ్లి మామనూ అత్తనూ చూసి వచ్చేదాన్ని. వెళ్లగానే వంగి మామ పాదాలకు దండం పెట్టేదాన్ని. ఆయన నెత్తిన చెయ్యి పెట్టేవాడు. ఒకానొక ఏడు మొదలుకుని ఆయన కాళ్లకు చప్పల్స్ పోయి కాన్వాసు బూట్లు వచ్చాయి. జన్మలో బూటు తొడగని మనిషి, పడకలో తప్ప అవి విప్పడం మానేశాడు. "ఏం మామా, రగ్బీ ఆడుతున్నావా?" అని ఎగతాళి చేశాను. నవ్వాడు. నేను బూటు పైనే వేళ్లు ఆనించి దండం పెట్టుకుని లోపలికి వెళ్లి అత్త చేతి రొట్టెలు తిన్నాను. అలా ఎన్నిసార్లో నాకు లెక్కలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఊరందరి గడ్డాలు చూసే సంబరంలో ఇంటి సంగతి వదిలేశాను.

ఆ ఆదివారం కంకణాలకు ఇంకా మూడు వారాలుంది. నేను వెళ్లేసరికి మామ కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని వరండా మీద నడిచి వెళ్లి, లోపల బూట్లు తొడుక్కుంటున్నాడు. సిమెంటు మీద తడి అడుగులు ఆరుతున్నాయి. కుడి అడుగులు ఒట్టి నీళ్లు. ఎడమ అడుగుల్లో మడమ చోట గులాబి రంగు ఉంది. ఒకటి కాదు, ప్రతి అడుగులోనూ ఉంది. నేను చేతిసంచి కింద పెట్టలేదు.

"మామా, ఎడమ కాలు చూపించు."

"కా భయా, ఏమైంది? ఏం లేదు. చెరకు మోడు గుచ్చుకున్నాది."

"గుచ్చుకుంటే చూపించు."

"ఛోడ్ దేవ్, అమ్మాయి. హాస్పిటల్ పని హాస్పిటల్‌ల చేసుకో. మేనకోడలి చేతిల కాలు పెడితే పాపం నాకు తగల్తది."

అరగంట అలా సాగింది. నేను బతిమాలాను, కసిరాను, ఏడ్చాను. చివరికి ఆయన గొంతు తగ్గించి నిజం చెప్పాడు. నాలుగేళ్ల కిందట గుండం తొక్కిన నెల తర్వాత మడమ మీద నల్లమచ్చ కనిపించిందట. నిప్పు కాల్చిన మచ్చేనని అప్పుడే తెలిసిపోయిందట. ముందు నడిచేవాడి కాలే కాలిందని జనానికి తెలిస్తే గుడి పరువు పోతుంది. అందుకని మామూలు రోజుల్లో బూటు తొడిగి, గుండం రోజున మచ్చ మీద పసుపు పూసి, ఏటా నడుస్తూ వచ్చాడు. మచ్చ ఏడాదికేడాది పెరిగింది. పాపం పెరుగుతున్నాదని అనుకున్నాడట.

ఎవడు చేసిన నియమం అది? ఎవడి పెళ్లాన్ని ఎవడు నిలబెట్టి అడిగాడు? తాను తవ్విన గోతిలో తానే దిగి, పైన మూత కూడా తానే వేసుకున్నాడు. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో నాకు ఆ వరండాలో తెలిసింది. అయినా పళ్లు బిగించి, అది కాలినదో కాదో అద్దం చెబుతుంది మామా, నా చెయ్యి నీ కాలికి తగలదు, అద్దమే తగులుతుంది, అన్నాను. కాలినదో కాదో చెబుతుంది అన్న మాటకు ఆయన తలెత్తి చూశాడు.

"ఖచ్చితంగా చెప్తదా?"

"చెప్తుంది."

ఆయన స్తంభం పట్టుకుని, బెంచీ మీద మోకాలు ఆనించి, లాడం కొట్టించుకునే గుర్రంలా కాలు వెనక్కి చాపాడు. నేను సిమెంటు మీద మోకాళ్ల మీద కూర్చున్నాను. మచ్చ నా బొటనవేలికంటే వెడల్పుంది. ఒక అంచు పచ్చిగా చెమరుస్తోంది. కొబ్బరినూనె చుక్క వేసి, సంచిలోంచి అద్దం తీసి ఆనించి, కన్ను దగ్గర పెట్టాను.

చాళ్లు తెల్లగా ఉన్నాయి. గట్లు నల్లగా ఉన్నాయి. గట్ల మీద చెమట రంధ్రాల తెల్ల చుక్కలు, వాటి చుట్టూ బొగ్గు పోసినట్టు నలుపు. పుస్తకంలోని ఆ ఒక్క పేజీ అలాగే నా కంటి ముందుంది. నేను నమ్మదలచుకోలేదు. పెన్ను విప్పి సిరా పూసి తుడిచి మళ్లీ చూశాను. నీలం చాళ్లలో ఉంది, నలుపు గట్ల మీద ఉంది. ఒకదాన్నొకటి ఎక్కడా తాకలేదు. మామ పైనుంచి రెండుసార్లు "కాలిందా?" అని అడిగాడు. నేను నూనె తుడిచి, అద్దం కింద పెట్టాను.

"కాలలేదు మామా. ఇది క్యాన్సర్. రేపే నాతో రావాలి."

ఆయన కాలు దించి నా వైపు తిరిగాడు. ఆ ముఖం నేను చచ్చేదాకా మరిచిపోను. ముఖమంతా వెలుగు.

"కాలలేదా?"

"క్యాన్సర్ అంటున్నాను, వినపడలేదా?"

"విన్నాను, అమ్మాయి. కాలలేదు గదా." రెండు చేతులూ ఎత్తి గుడి వైపు దండం పెట్టాడు. "అమ్మా, తల్లీ, నీ బిడ్డ కాలు కాలలేదు."

కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి. సంతోషంతో. నేను నా జీవితంలో చాలామందికి ఆ మాట చెప్పాను. కూలబడిపోయినవాళ్లున్నారు, నన్ను తిట్టినవాళ్లున్నారు. ఆనందపడిన మనిషి ఆయనొక్కడే. ఆయన్ని పట్టుకుని కుదిపేయాలనిపించింది. కొట్టాలని కూడా అనిపించింది, అబద్ధమెందుకు.

వంటింటి గుమ్మంలో అత్త నిలబడి ఉంది. వేళ్లకు రొట్టెల పిండి అంటుకుని ఉంది. ఎప్పటినుంచి వింటోందో తెలియదు.

"అయితే నా వల్ల కాదా?" అంది.

ఎవరిని అడిగిందో నాకు అర్థం కాలేదు. మామ ఆమె వైపు చూడకుండా తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఆమె గుమ్మం మీదే కూర్చుండిపోయి, పిండి వేళ్లు చూసుకుంటూ నాకు చెప్పింది. ఆ ఏడు మామ దీక్షలో ఉన్నప్పుడు, ఆయనకు గుడికి పంపే పళ్లు ఆమే కోసి ఇచ్చేది. నెలసరి ఆగిపోయే వయసు, ఎప్పుడొస్తుందో తెలియదు. తొమ్మిదో రోజు పళ్లు పంపించాక చూసుకుంది. మచ్చ కనిపించినప్పుడు మామ ఆమెను నిలబెట్టి అడిగితే, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. ఆ రోజునుంచి ఆమె పడక వెనక గదిలో. గుడి వంటలో చెయ్యి పెట్టడానికి లేదు. ఆయన భోజనం ఆమె వండవచ్చు, వడ్డించకూడదు.

"నాలుగేండ్లు," అంది అత్త. "నేనే ఆయన కాలు తినేస్తున్నానని అనుకున్నాను."

నేను ఆ ఇంట్లో ఎన్ని రొట్టెలు తిన్నాను. ఆమె వెనక గదిలో పడుకుంటోందని గమనించలేదు. వయసైన మొగుడూ పెళ్లాం, గురక కోసం విడిగా పడుకుంటారులే అనుకుని ఉంటాను. అది కూడా అనుకోలేదేమో. నేను మామ వైపు తిరిగి, అత్తకు చెప్పు, తప్పైందని చెప్పు, అని అరిచాను. ఆయన గొంతు సవరించుకుని, "తెలియలేదు గదా," అన్నాడు. అంతే. అంత పెద్ద మనిషి దగ్గర అంతకంటే మాట లేదు.

మరునాడు నాతో రాలేదు. కాలు కాలలేదని తేలింది కాబట్టి ఈ ఏడు గుండం తొక్కే వస్తానన్నాడు. నేను తిట్టాను. గుడి కమిటీ పెద్దల దగ్గరకు వెళ్లి, ఆయన్ని ఆపండి, ఒక్కో రోజూ ఆయన ఆయువులోంచి పోతోంది అన్నాను. వాళ్లు కంకణం కట్టుకుంటానన్నవాణ్ణి ఆపకూడదన్నారు. పదో రోజున ఆయన బూట్లు లేకుండా, పసుపు బట్టల్లో, అందరికంటే ముందు నడిచాడు. నేను మందుల పెట్టె పక్కన కూర్చుని ఎడమ మడమ ఒక్కటే చూశాను. పాలగుంటలోంచి బయటికొచ్చి కాలెత్తి జనానికి చూపించాడు. "నా మేనకోడలు అద్దం పెట్టి చూసింది. ఇది కాలింది కాదు," అన్నాడు. నా చదువు, నా అద్దం, నా నోటి మాట ఆయన నిష్ఠకు సాక్ష్యమైపోయాయి. జనం చేతులు జోడించారు. అదే గుంపులో ఎవరికైనా నిజంగా కాలు కాలి ఉంటే, వాడు ఆ రాత్రి ఇంటికెళ్లి పసుపు రాసుకునే ఉంటాడు.

సువాలో మడమ కోసేశారు. అప్పటికే గజ్జల్లో గడ్డ ఉంది. మరుసటి ఏడు కంకణాల వేళకు ఆయన లేడు. చివరి నెలల్లో ఆయనకు అన్నం కలిపి పెట్టింది, కట్టు మార్చింది, ఆ కాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది అత్తే. వడ్డించడానికి అప్పుడు అభ్యంతరం రాలేదు.

పదమూడో రోజున కమిటీ పెద్ద లేచి, ఇన్నేళ్లు గుండం తొక్కిన పాదం, ఒక్కసారి కూడా కాలలేదు, అని చెప్పాడు. అందరూ తలలూపారు. నేను లేచి అత్త గురించి చెబుదామని నోరు తెరిచాను. అత్త నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆమెకు వద్దట. నాలుగేళ్లు ఎవరికీ తెలియకుండా మోసింది, ఇప్పుడు అందరి నోళ్లలో పడటం ఎందుకంది.

జనం వెళ్లిపోయాక ఇద్దరం వరండా కడిగాం. బకెట్ బోర్లించి అత్త నన్ను అడిగింది.

"ఆ అద్దం నీ దగ్గరికి ఎప్పుడొచ్చినాది?"

"మామకు మచ్చ రాకముందే, అత్తా. రెండేళ్ల ముందు."

అత్త చీపురు గోడకు ఆనించి లోపలికి వెళ్లింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా పెద్దవాళ్ల పాదాలకు దండం పెట్టబోయే ముందు, కాలు తిప్పండి, చూస్తాను, అంటాను. పెళ్లిళ్లలో కూడా అంటాను. కొందరు చీర సర్దుకుని కాళ్లు లోపలికి ముడుచుకుంటారు, కొందరు డాక్టరమ్మకు పిచ్చి అంటారు. అననీ. చూపించేదాకా నేను వంగను.